మొక్కే చెట్టు పడకపోతే



ఈ రోజు కాస్త విచిత్రమైన చిక్కు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. చెట్టునీ గడ్డినీ గాలినీ దైవంగా కొలిచే మనిషికి ఆ చెట్టే, ఆ గడ్డే, ఆ గాలే పడకపోతే ఏం చెయ్యాలి? గుడికి వెళ్ళేవాడికి ఇంత బాధ లేదు. లోపల ధూపం పడకపోతే మండపంలో నిలబడి దండం పెట్టుకుంటాడు. ఆరుబయలే గుడి అనుకున్నవాడు బయటికి వచ్చి ఎక్కడ నిలబడతాడు?

బ్రిటన్‌లో తమను తాము పాగన్లమని చెప్పుకునే ప్రకృతి ఆరాధకులు ఉన్నారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 74,000 మంది మతం అన్నచోట ఆ మాట రాశారు. మరో 13,000 మంది విక్కా అని రాశారు. అది కూడా ఆ గూటిదే. క్రైస్తవం రాకముందు తమ దీవుల్లో ఉన్న నమ్మకాలను మళ్ళీ అందుకున్నామని వీళ్ళలో కొందరు అంటారు. చరిత్రకారులు ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఇప్పుడున్న పద్ధతులు చాలావరకు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కుదురుకున్నవే. మంత్రగత్తెల మీద ఉన్న పాత చట్టం 1951లో రద్దయింది. 1954లో విక్కాను ప్రచారంలోకి తెచ్చిన గెరాల్డ్ గార్డ్‌నర్ ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అనే పుస్తకం వేశాడు. 1964లో రాస్ నికోల్స్ పాతకాలపు పూజారుల పేరు మీద ఒక డ్రూయిడ్ సంఘం పెట్టాడు. ఏడాదిని ఎనిమిది పండగలుగా కూర్చిన చక్రం కూడా ఆ కాలపు పనే. పాతదైతేనే గొప్ప అనుకునే మనకు ఇది కాస్త వెలితిగా తోచవచ్చు గాని, నాకు మాత్రం అందులో ఒక సౌకర్యం కనిపిస్తుంది. వాళ్ళకు పీఠాధిపతి లేడు, అందరూ తలవంచే గ్రంథం లేదు. మార్చుకోవాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మార్చుకోవలసిన అవసరం ఎందుకొస్తుందో చూద్దాం. అక్కడి వాతావరణ శాఖ వేసవిలో వాన, ఎండలతో పాటు గాలిలో పుప్పొడి ఎంత ఉంటుందో కూడా ముందుగా చెబుతుంది. ఆ పుప్పొడి క్యాలెండరును పండగల చక్రం పక్కన పెడితే రెండూ కూడబలుక్కున్నట్టు ఉంటాయి.

ఏప్రిల్ 30 రాత్రి, మే 1 పగలు బెల్టేన్. వసంతం పండి వేసవిలోకి జారే పండగ. ఎడిన్‌బరోలో కాల్టన్ కొండ మీద 1988 నుంచి ఆ రాత్రి మంటలు వేసి, ఒళ్ళంతా రంగులు పూసుకుని ఆడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బర్చ్ చెట్టు పుప్పొడి దులుపుతూ ఉంటుంది. హిమాలయాల్లో మన పూర్వులు పట్టలు ఒలిచి పుస్తకాలు రాసుకున్న భూర్జ వృక్షానికి ఇది దగ్గరి చుట్టం. దీనికి రేకుల పూలు ఉండవు. సన్నటి తోకల్లా వేలాడే పూగుత్తులుంటాయి. ఒక్కొక్క తోక లక్షల కొద్దీ రేణువులను గాలికి వదులుతుంది.

జూన్ 21 దగ్గర్లో పొద్దు అన్నిటికంటే ఎక్కువసేపు ఉండే రోజు. దాని ముందు రాత్రి వేలమంది స్టోన్‌హెంజ్ రాళ్ళ దగ్గర జాగరం ఉండి, తెల్లవారుజామున అయిదింటికి కాస్త ముందు పొడిచే సూర్యుడి కోసం చూస్తారు. ఆ రాళ్ళున్నది సాలిస్‌బరీ మైదానంలో. చుట్టూ కనుచూపు మేర పచ్చిక. గడ్డి పూతకు అది నడిమధ్య కాలం. బ్రిటన్‌లో పుప్పొడి పడనివాళ్ళలో నూటికి తొంభై అయిదుమందికి పడనిది ఈ గడ్డి పుప్పొడే. అంటే ఏడాదిలో ఆ పచ్చికకు అన్నిటికంటే దూరంగా ఉండాల్సిన రాత్రి, సరిగ్గా దాని మీద గడపాల్సిన రాత్రి అవుతుంది.

ఆగస్టు 1న కోతల పండగ, లూనసా. అప్పుడు పైరు కోసే పొలాల నుంచి బూజు రేణువులు లేస్తాయి. అక్టోబరు చివర సావిన్, పితరులను తలుచుకునే రాత్రి. నానిన రాలుటాకుల కింద మళ్ళీ బూజే. చలికాలపు పండగలే కాస్త నయం. అదీ మరీ ధీమాగా చెప్పలేం, హేజెల్ చెట్టు జనవరిలోనే పుప్పొడి వదలడం మొదలుపెట్టగలదు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. బెల్టేన్ పండగకు ఇంటి ముందు కట్టేది హాథార్న్ కొమ్మలు. తెల్లటి పూలు, ఘాటైన వాసన. తుమ్ములు రాగానే అందరి చూపూ దాని మీదికే పోతుంది. కాని అది తేనెటీగలనూ ఈగలనూ నమ్ముకున్న చెట్టు. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో దూరం పోదు. నేరం చేసినవాడు పక్కనే రంగూ వాసనా లేకుండా నిలబడి ఉంటాడు: గడ్డి, బర్చ్, గాలిని నమ్ముకున్న ఇతర చెట్లు. వాటి రేణువు మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు ఉంటుంది. అందంగా కనబడాల్సిన పని వాటికి లేదు, పురుగును పిలవక్కర్లేదు కదా. అలర్జీ ఉన్నవాడు నేర్చుకునే మొదటి వృక్షశాస్త్రం ఇదే.

ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళు కూడా ఈ బాధ పడ్డవాళ్ళే. లివర్‌పూల్‌లో పుట్టిన వైద్యుడు జాన్ బోస్టాక్‌కు ఎనిమిదేళ్ళ వయసు నుంచి ప్రతి జూన్‌లోనూ కళ్ళు ఎర్రబడి, ముక్కు కారి, ఆయాసం వచ్చేది. 1819లో తన ఒంటినే రోగిగా చూపి లండన్ వైద్యుల సభలో వ్యాసం చదివాడు. కారణం మాత్రం వేసవి వేడి అనుకున్నాడు. అసలు కారణాన్ని తేల్చింది మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్‌లీ. ఈయన కథ నాకు చాలా ఇష్టం. గడ్డి పూగుత్తి దగ్గరికి పోగానే తుమ్ములు ముంచుకొచ్చేసరికి ఆయనకు అనుమానం పుట్టింది. ఇక వదల్లేదు. రకరకాల పుప్పొడి తెచ్చి ముక్కులో వేసుకున్నాడు, కంట్లో వేసుకున్నాడు, చర్మం గీరి రుద్దుకున్నాడు. జిగురు పూసిన గాజు పలకలను పెట్టి రోజుకు ఎన్ని రేణువులు పడుతున్నాయో లెక్కపెట్టాడు. అంతటితో ఆగక, గాలిపటాలకు ఆ పలకలు కట్టి పైకి ఎగరేసి, ఆకాశంలో కూడా పుప్పొడి తిరుగుతోందని చూపించాడు. 1873లో అదంతా పుస్తకంగా వేశాడు. తనను ఏడిపించే గడ్డి వెనకాల ఏళ్ళ తరబడి తిరిగి, అది ఎప్పుడు పూస్తుందో, ఏ గాలికి లేస్తుందో, ఎంత ఎత్తుకు పోతుందో రాసుకున్న మనిషి. ఆయన పాగన్ కాడు. అయినా గడ్డిని ఇంత శ్రద్ధగా చూసిన భక్తుడు మరొకడు ఉంటాడా అని నాకు అనిపిస్తుంది.

ఒంట్లో జరిగేది క్లుప్తంగా చెబుతాను. పేగుల్లో పురుగుల వంటి పరాన్నజీవులను ఎదుర్కోవడానికి మన ఒంట్లో ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ఉన్నాయి. కొందరిలో అవి ఏ పాపమూ ఎరుగని పుప్పొడి ప్రొటీనును చూసి శత్రువనుకుంటాయి. మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ విడుదలవుతుంది. మిగిలింది మీకు తెలిసిందే: తుమ్ములు, దురద, దద్దుర్లు, పిల్లికూతలు. ముదిరితే గొంతు వాస్తుంది, రక్తపోటు పడిపోతుంది. అది ప్రాణాల మీదికి తెచ్చేది. దానికి తొడ కండలో ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ వేసుకుని వెంటనే ఆసుపత్రికి పోవడమే దారి. మంత్రం, మూలిక, ధ్యానం ఏదైనా దాని తరవాతే. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, “ప్రకృతిని ప్రేమించేవాణ్ణి ప్రకృతి బాధ పెట్టదు, నీకు అలర్జీ ఉందంటే నీకూ భూమికీ ఎక్కడో తెగిపోయింది” అని చెప్పే పెద్దమనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నాకు అంతకంటే క్రూరమైన మాట కనిపించదు. 1994 జూన్ 24 రాత్రి ఆగ్నేయ ఇంగ్లండ్ మీద ఉరుములతో వాన వచ్చింది. తడి తగిలి గడ్డి పుప్పొడి రేణువులు చిట్లి, మరింత సన్నటి ముక్కలై ఊపిరితిత్తుల్లోకి దిగాయి. లండన్ చుట్టుపక్కల ఆసుపత్రులకు 600 మందికి పైగా ఆయాసంతో పరిగెత్తారు. అది నడివేసవి పండగ రోజులే. ఆ మేఘం ఎవరికి భక్తి ఉందో, ఎవరికి లేదో అడగలేదు. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఇటువంటి గాలివానకే పదిమంది చనిపోయారు. అమ్మ అని పిలిచినంత మాత్రాన ప్రకృతి మెత్తబడదు. మెత్తబడుతుందని నమ్మే ఆరాధన, ప్రకృతిని సరిగా చూడని ఆరాధన.

ఇక పూజాసామగ్రి దగ్గరికి వద్దాం. పాగన్లు పవిత్రంగా చూసే చెట్లలో మూడింటి సంగతి వినండి. బర్చ్ ప్రారంభాలకు గుర్తు. ఓఘం అనే పాత ఐరిష్ లిపిలో మొదటి అక్షరానికి దాని పేరే. హేజెల్ కాయ జ్ఞానానికి గుర్తు. ఐరిష్ కథల్లో ఆ కాయ తిన్న చేపకు సర్వం తెలుస్తుంది. ఆపిల్‌ను అడ్డంగా కోస్తే గింజల గది అయిదు మొనల నక్షత్రంలా కనిపిస్తుంది. సావిన్ రాత్రి దాన్ని కోసి పంచుకుంటారు. కథల్లో ఈ మూడూ వేరు వేరు. అలర్జీ లెక్కలో మాత్రం ఇవి ఒకే కుటుంబంలా ప్రవర్తిస్తాయి. బర్చ్ పుప్పొడిలో ఉన్న ముఖ్యమైన ప్రొటీనుకు పోలికైనదే హేజెల్ కాయలోనూ ఆపిల్‌లోనూ ఉంది. అందుకని వసంతంలో బర్చ్ పడనివాళ్ళలో చాలామందికి శరదృతువులో పచ్చి ఆపిల్ కొరకగానే పెదాలూ అంగిలీ దురద పెడతాయి. ఊరట ఏమిటంటే ఆ ప్రొటీను వేడికి తట్టుకోదు. అటువంటివాళ్ళలో ఎక్కువమంది ఉడికించిన ఆపిల్, కాల్చిన ఆపిల్ ఇబ్బంది లేకుండా తినగలరు. నక్షత్రం పొయ్యిలో పెట్టినా నక్షత్రమే. హేజెల్‌కు మాత్రం ఈ ధైర్యం చెప్పను. గింజల అలర్జీ వేరే ప్రొటీన్ల వల్ల కూడా వస్తుంది, అది వేయించినా పోదు. తనకున్నది ఏదో వైద్యుడి దగ్గర తేల్చుకున్నాకే ఎవరైనా నోట పెట్టాలి.

పొగ మరో గొడవ. విక్కా తంతులో తూర్పు గాలికి, దక్షిణం నిప్పుకి, పడమర నీటికి, ఉత్తరం భూమికి. గాలి పేరు చెప్పి ధూపం వేస్తారు. ఉబ్బసం ఉన్నవాడికి ఏ పొగైనా పొగే, అది మూలికది కానివ్వండి, సాంబ్రాణిది కానివ్వండి. అయితే వాళ్ళ తంతులోనే ఉప్పు కలిపిన నీళ్ళు చల్లి చోటు శుద్ధి చేసే పద్ధతి ముందునుంచీ ఉంది. దాన్ని పెంచుకుని పొగను తగ్గించుకుంటే సరి. గాలికి గుర్తు కావాలంటే గంట మోగించవచ్చు, ఈక ఊపవచ్చు. గాలికి గుర్తుగా ఊపిరాడకుండా చేసేదాన్ని ఎంచుకోవడం నాకెప్పుడూ వింతే.

వాళ్ళు కలల కోసమని తలగడలో కుట్టుకునే, కాల్చే, కషాయం కాచుకునే మూలిక ఒకటుంది, మగ్‌వర్ట్. అది ఆర్టిమీసియా. మన మాచిపత్రి, మన దవనం ఆ జాతివే. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రుల్లో మొట్టమొదట సుముఖుడి పేర సమర్పించేది ఈ మాచిపత్రినే. ఇంగ్లండ్ డ్రూయిడ్ తలగడా, మన చవితి పళ్ళెమూ ఒక్క జాతి ఆకు దగ్గర కలుసుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది. కాని ఆ జాతి పుప్పొడి గట్టిది. మగ్‌వర్ట్ పడని కొందరికి సెలరీ, క్యారెట్, కొన్ని మసాలా దినుసులు కూడా పడవు. చామొమైల్ టీ కూడా వాళ్ళు చూసి తాగాల్సిందే, అదీ చామంతి కుటుంబానిదే.

తేనె సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. తమ ఊరి తేనె రోజూ తాగితే పుప్పొడి అలర్జీ తగ్గుతుందని పాగన్లలోనే కాదు, అందరిలోనూ ఓ నమ్మకం. తేనెటీగ పోయేది రంగు పూల దగ్గరికి. మనల్ని ఏడిపించేది గడ్డి. తేనెలో ఉండేది చాలావరకు నేరం చెయ్యని పుప్పొడి. పుప్పొడిని కొంచెం కొంచెంగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే నిజమైన వైద్యం వేరే ఉంది. లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియనార్డ్ నూన్ 1911లో గడ్డి పుప్పొడి సారంతో ఆ పని మొదలుపెట్టాడు. ఇప్పటికీ నిపుణుల దగ్గర, ఏళ్ళ తరబడి చేయించుకోవాల్సిన వైద్యం అది.

మరి ఇన్ని అడ్డంకులున్నవాడు ఈ మార్గంలో ఎందుకుండాలి? ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చోవచ్చు కదా? కూర్చోవచ్చు. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా రచయిత ఒంటరిగా విక్కా పాటించేవాళ్ళ కోసమే పుస్తకం రాశాడు, గుంపు అవసరం లేదని చెప్పి చాలామందికి తలుపు తీశాడు. కాని నాకు ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. అలర్జీకి చెట్టు మొత్తంతో తగువు లేదు. దాని పుప్పొడితో, అందులో ఒక ప్రొటీనుతో, ఏడాదిలో కొన్ని వారాలతో తగువు. బర్చ్ పుల్లలతో కట్టిన చీపురుతో పూజా వలయాన్ని ఊడ్చుకోవచ్చు, పుల్లకు పుప్పొడి ఉండదు. అక్టోబరులో అదే చెట్టు ఆకులన్నీ పసుపు పచ్చగా మారినప్పుడు దాని కింద గంటసేపు కూర్చున్నా దాని పుప్పొడి బెడద ఉండదు. గడ్డి రోజుల్లో సముద్రం మీది నుంచి గాలి వీచే ఒడ్డున పండగ చేసుకోవచ్చు. బోస్టాక్ కూడా ఒక వేసవి తీరం పట్టునే గడిపి చూశాడు. ఆగకుండా కురిసిన వాన వెలిసిన వెంటనే బయటికి పోవచ్చు, ఉరుముల వాన ముందు మాత్రం తలుపులు వేసుకోవాలి. పొద్దెక్కుతున్న కొద్దీ పుప్పొడి పైకి లేచి, సాయంత్రం గాలి చల్లబడగానే కిందికి దిగుతుందని తెలిస్తే, చంద్రుణ్ణి కొలిచే వేళను కూడా దాన్ని బట్టి పెట్టుకోవచ్చు.

ఇవన్నీ పాటించడానికి ఎంత తెలియాలో ఆలోచించండి. ఏ చెట్టు ఏ వారం పూస్తుంది, ఏ గాలి ఎటునుంచి వస్తుంది, ఏది పురుగును నమ్ముకుంది, ఏది గాలిని. పచ్చదనం చూసి పరవశించేవాడికి ఇదంతా అక్కర్లేదు, వాడికి ఏ చెట్టయినా చెట్టే. ఆరోగ్యవంతుడు ఫొటో తీసుకుని వెళ్ళిపోయే తోటలో అలర్జీవాడు ప్రతి మొక్కనూ పేరుతో పలకరిస్తాడు, కొన్నిటిని రోడ్డు అవతల నుంచి. దూరంగా నిలబడి కొలవడం తక్కువ భక్తి అని నేననుకోను. సూర్యుణ్ణి మనమెవరమూ ముట్టుకోలేదు కదా.

గుంపుగా చేసుకునేవాళ్ళకు ఒక్క మాట. ప్రసాదంగా పంచే కేకుల్లో ఏమేం ఉన్నాయో ముందే చెప్పాలి. బాదం పొడి, తేనె, గోధుమ, ఏదైనా సరే. తీవ్రమైన అలర్జీ ఉన్న మనిషి ఇంజెక్షన్ ఏ సంచిలో ఉందో, ఎలా వెయ్యాలో పక్కనున్న ఇద్దరికైనా తెలిసి ఉండాలి. నాలుగు దిక్కులనూ పిలిచే తంతుకు ముందు ఈ పని అయిపోవాలి.

ఇక మన వైపు. మనది పాగనిజమా కాదా అన్న తగువులోకి నేను పోను. ఆకుతో పూజ, పూలతో పూజ, చెట్టు చుట్టూ ప్రదక్షిణ మనకున్నంతగా ఎవరికున్నాయి? అలర్జీ కూడా మనకు తక్కువేం లేదు. గరిక పుప్పొడి పడనివాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. లేత గరిక, పూత రానిది కోసి, కడిగి పెడితే చాలావరకు బెడద పోతుంది. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం పూజలో లేని మొక్క నుంచి: వయ్యారిభామ, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చి చేలగట్లూ రోడ్డు పక్కలూ ఆక్రమించింది. అది పడనివాళ్ళకు ముఖం, మెడ, మోచేతుల మడతలు మంట పుట్టి తోలు మొద్దుబారుతుంది. పత్రి కోసుకొచ్చే చోటల్లా అదీ ఉంటుంది. కొందరికి చామంతి కూడా అలాగే కాటేస్తుంది, రెండూ ఒకే కుటుంబం కనక. బతుకమ్మ పేర్చేటప్పుడు చేతులు దద్దురెక్కే ఆడపిల్లకు చామంతి వరస మరొకరికి వదిలేసి తంగేడు వరస పట్టుకోమని చెప్పండి, ఒంటికి పడుతుందేమో ముందు చూసుకున్నాకే. పట్నం బజారులో పత్రి కట్ట కొంటే అందులో పుస్తకం చెప్పిన ఆకు ఉందో, దొరికిన ఆకు ఉందో ఎవరికీ తెలియదు. ఆకు గుర్తుపట్టలేకపోతే ఆ కట్టను ఉబ్బసం ఉన్నవాళ్ళ గదిలో పెట్టకండి.

మన పూజావిధానం ఈ విషయంలో చాలా ఉదారమైనది. వస్త్రం లేకపోతే వస్త్రానికి బదులు అక్షతలు, ఆభరణం లేకపోతే ఆభరణానికి బదులు అక్షతలు. పట్టు వస్త్రానికి పనికొచ్చిన అక్షత మాచిపత్రికి ఎందుకు పనికిరాదు? ఇంట్లో తుమ్ములవాళ్ళుంటే ఆ పత్రి నామానికి నాలుగు అక్షతలు వెయ్యండి. సాంబ్రాణి ఆ రోజుకు మానేసినా, వాకిట్లో వేసినా ఇబ్బంది లేదు. పత్రి బజారుకు ఎవరు వెళ్ళాలన్నది మాత్రం ముందురోజు రాత్రే తేల్చుకోండి.